బ్యాటరీ 50 గంటలు.. మరి చెవికి?

వైర్‌లెస్‌ హెడ్‌ఫోన్‌ కొనేటప్పుడు ధర చూస్తాం. బేస్‌ ఎలా ఉందో చూస్తాం. ఛార్జింగ్‌ ఎన్ని గంటలు ఆగుతుందో అడుగుతాం. చెవుల ఆరోగ్యం కోసం చూడాల్సింది ఇంకోటి ఉంది. మనం రోజూ తిరిగే రణగొణల మధ్య అది ఎంత తక్కువ వాల్యూమ్‌తో సరిపెడుతుంది? చెవి మీద ఆనుకుని ఉండే ‘ఆన్‌-ఇయర్‌’ రకం విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

మంచి మార్కులొస్తే కొనిస్తామని పిల్లలకు ఇచ్చిన మాట కోసం కావొచ్చు, ఇంటి నుంచి చేసే ఆఫీసు పని కోసం కావొచ్చు, రాత్రిపూట టీవీ సౌండు గొడవ తీర్చడానికి కావొచ్చు.. ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక వైర్‌లెస్‌ హెడ్‌ఫోన్‌ ఉంటోంది. రెండు వేల నుంచి ఐదు వేల రూపాయల మధ్య దొరికే వాటిలో చెవిని పూర్తిగా కప్పకుండా, చిన్న గుండ్రటి మెత్తలతో చెవి మీద కూర్చునే రకం బాగా కనిపిస్తుంది. తేలిగ్గా ఉంటుంది, బ్యాగులో ఇమిడిపోతుంది, చెవి రంధ్రంలోకి ఏమీ దూర్చుకోనక్కర్లేదు.

వీటి అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో కనిపించేది బ్యాటరీ సంగతి. సోనీ డబ్ల్యూహెచ్‌-సీహెచ్‌520 అయితే 50 గంటలు అంటుంది. జేబీఎల్‌ ట్యూన్‌ 520బీటీ అయితే 57 గంటలు. ఒకసారి ఛార్జి చేస్తే వారమంతా చూసుకోనక్కర్లేదన్నమాట. మరి చెవి ఎన్ని గంటలు తట్టుకుంటుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్‌ సంఘం కలిసి దీనికో లెక్క ఇచ్చాయి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్‌ చొప్పున వారానికి 40 గంటలు. పిల్లలకైతే 75 డెసిబెల్స్‌ చొప్పున 40 గంటలు. అంటే హెడ్‌ఫోన్‌ బ్యాటరీ కన్నా ముందే చెవి కోటా అయిపోతుంది.

మూడు పెరిగితే సగం

ఈ లెక్కలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. డెసిబెల్స్‌ను మామూలు కూడికలా చూడకూడదు. శబ్దం 3 డెసిబెల్స్‌ పెరిగిందంటే చెవి మీద పడే శక్తి రెట్టింపైనట్టు. కాబట్టి వినదగిన సమయం సగానికి పడిపోతుంది. 80 దగ్గర 40 గంటలుంటే, 83 దగ్గర 20 గంటలే. 86కి చేరితే 10 గంటలు, 89 అయితే 5 గంటలు, 95 అయితే గంటంపావు. 101 దాకా వెళ్తే వారం మొత్తానికీ 20 నిమిషాలు కూడా లేదు. పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన కాసేపు నిలబడితే ఆ వారం కోటా అక్కడే ఖర్చయిపోతుంది. ఆ సంగతి తెలియకుండా ఇంటికొచ్చి మళ్లీ హెడ్‌ఫోన్‌ పెట్టుకుంటాం.

ఇదే లెక్క తిరగేస్తే ఊరట కూడా కనిపిస్తుంది. 3 తగ్గిస్తే సమయం రెట్టింపు. 80కి బదులు 77 దగ్గర వింటే 80 గంటలు. ఇంటర్‌ చదువుతూ జేఈఈకో, నీట్‌కో సిద్ధమవుతున్న అబ్బాయినే తీసుకోండి. రోజుకు ఆరేడు గంటలు రికార్డెడ్‌ పాఠాలు వింటాడు. వారానికి అది 42 నుంచి 49 గంటలు. 80 దగ్గర వింటే కోటా దాటేసినట్టే. వాల్యూమ్‌ బటన్‌ ఒకటి రెండుసార్లు నొక్కి తగ్గిస్తే పాఠాలన్నీ విన్నా కోటా లోపలే ఉండొచ్చు. పాఠాలు మానాల్సిన పని లేదు. ఆ తగ్గించిన వాల్యూమ్‌లో పాఠం అర్థమయ్యేలా వినిపిస్తోందా అన్నదే అసలు ప్రశ్న. హెడ్‌ఫోన్‌ మంచిదో కాదో తేలేది అక్కడే.

మన కేంద్ర ఆరోగ్య శాఖలోని ఆరోగ్య సేవల డైరెక్టరేట్‌ జనరల్‌ కూడా 2025 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇలాంటి పరికరాలను రోజుకు రెండు గంటలకు మించి వాడొద్దని, మధ్యమధ్యలో విరామం ఇవ్వాలని అందులో సూచించింది. ఆన్‌లైన్‌ పాఠాలున్న ఇంట్లో రెండు గంటల నియమం కష్టమే. అయినా కాలక్షేపానికి వినే పాటలకూ, రీల్స్‌కూ దాన్ని వర్తింపజేసుకోవచ్చు.

‘పాలా? చాలా?’

పెద్ద శబ్దానికి దెబ్బతినేది కర్ణభేరి అనుకుంటాం. హెడ్‌ఫోన్‌ శబ్దం దెబ్బ తీసేది ఇంకా లోపల, నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాని. అక్కడ ఒక్కో చెవిలో సుమారు 15 వేల కణాలుంటాయి. వాటి తల మీద వెంట్రుకల్లాంటి సన్నటి పోగులుంటాయి కాబట్టి హెయిర్‌ సెల్స్‌ అంటారు. శబ్ద తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చేది ఇవే. పుట్టుకతో వచ్చినవే మనకు చివరిదాకా. చర్మ కణాల్లా మళ్లీ పుట్టవు.

నష్టం ముందుగా కీచుగా ఉండే శబ్దాల దగ్గర, అంటే 4 వేల హెర్ట్జ్‌ చుట్టుపక్కల కనిపిస్తుంది. మాటల్లో అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, చ, త, ప, క లాంటి హల్లుల తేడా చాలావరకు ఎక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. అందుకే వినికిడి తగ్గడం మొదలైనవాళ్లు ‘వినిపించడం లేదు’ అనరు. ‘వినిపిస్తోంది కానీ అర్థం కావడం లేదు’ అంటారు. వంటింట్లోంచి అన్న మాట ‘పాలు’నో, ‘చాలు’నో, ‘కాలు’నో తేలదు. ఎదుటివాళ్లు నోట్లో నోట్లో గొణుగుతున్నారని విసుక్కుంటారు. భోజనాల బల్ల దగ్గర నలుగురూ ఒకేసారి మాట్లాడితే పక్కకు తప్పుకొంటారు. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు, ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో నొప్పి ఉండదు, రక్తం కారదు. అదే దీంతో చిక్కు.

‘కాసేపు చెవులు దిమ్మెక్కాయి, పొద్దున్నే సర్దుకున్నాయి’ అని ధీమా పడేవాళ్లూ ఉన్నారు. 2009లో అమెరికా శాస్త్రవేత్తలు కుజావా, లీబర్‌మన్‌లు ఎలుకల మీద చేసిన అధ్యయనం ఈ ధీమాను కదిపింది. పెద్ద శబ్దం తర్వాత వాటి వినికిడి పరీక్షలు మళ్లీ మామూలు స్థాయికి వచ్చాయి. కానీ హెయిర్‌ సెల్స్‌ను నాడులతో కలిపే అతుకులు చాలావరకు పోయాయి, తిరిగి రాలేదు. మనుషుల్లో ఇది ఏ మేరకు జరుగుతుందన్న దానిపై పరిశోధన నడుస్తూనే ఉంది. దిమ్మెక్కడాన్ని హెచ్చరికగా తీసుకోవడానికి ఈ మాత్రం చాలు.

చెవి మీద కూర్చునే రకంలో ఉన్న మంచీ చెడూ

ముందు మంచి సంగతి. చెవి లోపలికి దూర్చుకునే ఇయర్‌బడ్స్‌ గులిమిని లోపలికి నెడతాయి, గాలి ఆడనివ్వవు. తేమ ఎక్కువగా ఉండే మన కోస్తా జిల్లాల్లో చెవిలో ఫంగస్‌, దురదలతో వచ్చేవారు ఈఎన్‌టీ వైద్యులకు కొత్త కాదు. అలాంటి బాధ ఉన్నవాళ్లకు ఆన్‌-ఇయర్‌ నయం. చెవి రంధ్రం తెరిచే ఉంటుంది. కాలింగ్‌ బెల్లు, కుక్కర్‌ విజిల్‌, పిల్లల ఏడుపు వినిపిస్తాయి. మన గొంతు మనకు వినిపిస్తుంది కాబట్టి ఫోన్లో అరిచి మాట్లాడే బాధ కూడా తగ్గుతుంది. నిశ్శబ్దంగా ఉండే గదిలో, ఇంట్లో వాడుకోవడానికి ఇది చాలా హాయైన రకం.

చెడు కూడా అక్కడి నుంచే వస్తుంది. బయటి శబ్దం లోపలికి వస్తే మన చెయ్యి తెలియకుండానే వాల్యూమ్‌ బటన్‌ మీదకు పోతుంది. మిక్సీ దగ్గర, సిటీ బస్సులో, రద్దీ కూడలిలో మోత 80 డెసిబెల్స్‌ చుట్టూ ఉంటుంది. ఆ మోతలో పాట స్పష్టంగా వినిపించాలంటే దాన్ని మించిపోవాలి. 86 దగ్గర ఆపుకొన్నామనుకుందాం. గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సులో రానూపోనూ రెండు గంటలు, వారానికి ఆరు రోజులు వెళ్లే ఉద్యోగికి అది 12 గంటలు. 86 దగ్గర ఆ వారం కోటా 10 గంటలే. ఇంట్లో విన్నది ఇంకా కలపలేదు.

ఇక్కడ ఒక పదం దగ్గర జాగ్రత్త పడాలి. పెట్టెల మీద ‘ఈఎన్‌సీ’ అని ఉంటుంది. నాయిస్‌ క్యాన్సిలింగ్‌ ఉంది సార్‌ అని షాపులోనూ చెప్తారు. ఈఎన్‌సీ మైకుకు సంబంధించింది. మనం మాట్లాడుతుంటే మన వెనకాల హారన్లు అవతలివాళ్లకు వినిపించకుండా చూస్తుంది. మన చెవిలోకి వచ్చే మోతను అది ఆపదు. దానికి ఉండాల్సింది ‘ఏఎన్‌సీ’. ఆ సదుపాయం ఆన్‌-ఇయర్‌ రకంలో తక్కువ మోడళ్లకే ఉంది. జేబీఎల్‌ ట్యూన్‌ 670ఎన్‌సీ వాటిలో ఒకటి. పైన చెప్పిన సోనీ సీహెచ్‌520కీ, జేబీఎల్‌ 520బీటీకీ ఏఎన్‌సీ లేదు. ఒక్క అక్షరం తేడా. బస్సులో రోజూ తిరిగేవారికి మాత్రం అది వాల్యూమ్‌లో పెద్ద తేడా.

మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఎక్కువగా ప్రయాణాల్లో వాడేవారికి మామూలు ఆన్‌-ఇయర్‌ రకం సరైన ఎంపిక కాదు. చెవిని పూర్తిగా కప్పే ఓవర్‌-ఇయర్‌ రకమో, ఏఎన్‌సీ ఉన్నదో తీసుకోవాలి. ఇంట్లో, లైబ్రరీలో, ప్రశాంతమైన ఆఫీసులో వాడుకునేవారికి ఆన్‌-ఇయర్‌ చాలు. ఎక్కువ ఖర్చు పెట్టనక్కర్లేదు.

రాత్రి ఒక అంకె, బస్సులో ఒక అంకె

కొత్తది ఇంటికి తెచ్చాక ఈ చిన్న పరీక్ష పెట్టుకోండి. రాత్రి ఇల్లు సద్దుమణిగాక, ఫ్యాను తప్ప వేరే చప్పుడు లేనప్పుడు మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టండి. వాల్యూమ్‌ సున్నా నుంచి మొదలెట్టి ఒక్కో మెట్టు పెంచుతూ రండి. పదాలన్నీ తేటగా, హాయిగా వినిపించిన చోట ఆగండి. చాలా ఆండ్రాయిడ్‌ ఫోన్లలో వాల్యూమ్‌కు 15 మెట్లుంటాయి. మీరు ఎన్నో మెట్టు దగ్గర ఆగారో రాసి పెట్టుకోండి. మర్నాడు మీరు ఎక్కువగా వాడబోయే చోట, అది బస్సు కానివ్వండి, వంటిల్లు కానివ్వండి, అదే పాటను అంతే తేటగా వినడానికి ఎన్నో మెట్టుకు వెళ్లాల్సి వచ్చిందో చూడండి. ఒకటి రెండు మెట్లు పెరిగితే ఫర్వాలేదు. నాలుగైదు పెంచాల్సి వస్తే ఆ హెడ్‌ఫోన్‌ ఎంత బాగున్నా ఆ చోటికి పనికిరాదు. తిరిగిచ్చే గడువు ఎన్ని రోజులో కొనేముందే కనుక్కోవడం ఇందుకే. కొన్నింటికి డబ్బు వాపసు ఉండదు, మార్చి ఇస్తారంతే.

ఇంకో పరీక్షకు ఇంట్లో మరో మనిషి కావాలి. పాట నడుస్తుండగా వాళ్లు చేయి చాచినంత దూరంలో కూర్చుని మామూలు గొంతుతో ఏదైనా అడగాలి. ‘ఆఁ? ఏంటీ?’ అని మెత్త పక్కకు తీయాల్సి వస్తే వాల్యూమ్‌ ఎక్కువైనట్టే. ఇక పాట పక్కవాళ్లకు వినిపిస్తోందా అన్నది మాత్రం ఈ రకానికి నమ్మదగ్గ పరీక్ష కాదు. ఆన్‌-ఇయర్‌ మెత్తల్లోంచి ఎలాగూ కాస్త శబ్దం బయటికొస్తుంది. అలాగని మెట్రోలో పక్క సీటువారికి మీ పాటలో చరణం కూడా తెలిసిపోతోందంటే తగ్గించాల్సిందే.

మూడోది శబ్దాల మధ్య పనిచేసే కార్మికులకు చెప్పే చిట్కా. హెడ్‌ఫోన్‌ పెట్టుకోవడానికి ముందు టీవీ ఏ అంకె దగ్గర సరిగ్గా వినిపిస్తోందో చూసుకోండి. గంటా రెండు గంటలు విన్నాక తీసేసి మళ్లీ టీవీ పెట్టండి. అదే అంకె దగ్గర టీవీ మందంగా, దూరంగా అనిపిస్తే చెవి అలసిపోయిందని అర్థం. మర్నాటి నుంచి మీరు వినే మెట్టు తగ్గాలి.

‘60 శాతం’ దేంట్లో?

60 శాతం వాల్యూమ్‌తో 60 నిమిషాలు అన్న సూత్రం బాగా ప్రచారంలో ఉంది. అలవాటు నేర్పడానికి మంచిదే. కానీ శాతానికీ డెసిబెల్స్‌కూ నేరుగా లంకె లేదు. ఒకే ఫోన్లో ఒకే మెట్టు దగ్గర ఒక హెడ్‌ఫోన్‌ నెమ్మదిగా వినిపిస్తే, ఇంకోటి హోరెత్తించొచ్చు. చాలా పరికరాలు పూర్తి వాల్యూమ్‌లో 100 డెసిబెల్స్‌ దాటేస్తాయి. పైగా కొన్ని ఫోన్లతో కలిపినప్పుడు ఫోన్‌ వాల్యూమ్‌ వేరు, హెడ్‌ఫోన్‌ మీది బటన్‌ వాల్యూమ్‌ వేరుగా నడుస్తాయి. ఫోన్లో సగమే కనిపిస్తుంటే హెడ్‌ఫోన్‌ పూర్తిగా పెంచి ఉండొచ్చు. కొత్తది జత చేసిన రోజే ఈ సంగతి తేల్చుకోండి.

ఫోన్‌ సాయం కూడా తీసుకోవచ్చు. ఐఫోన్‌లో హెల్త్‌ యాప్‌ మీరు వింటున్న శబ్దాన్ని డెసిబెల్స్‌లో నమోదు చేస్తుంది. సెట్టింగ్స్‌లో ‘హెడ్‌ఫోన్‌ సేఫ్టీ’ దగ్గర పరిమితి పెడితే దాన్ని మించిన శబ్దాన్ని తనే తగ్గిస్తుంది. వేరే కంపెనీల హెడ్‌ఫోన్లతో ఆ అంకె ఉజ్జాయింపు మాత్రమే. శామ్‌సంగ్‌ ఫోన్లలో ‘మీడియా వాల్యూమ్‌ లిమిట్‌’ ఉంటుంది, పిల్లలు మార్చకుండా పిన్‌ నంబరు కూడా పెట్టుకోవచ్చు. పిన్‌ పెట్టేముందు ఎందుకు పెడుతున్నారో పిల్లలకు చెప్పండి. చెప్పకపోతే వాళ్లు స్నేహితుడి ఫోన్‌కు కలుపుకొని వింటారు.

మీటింగుల్లో గొంతు మందగిస్తే

ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్‌ హెడ్‌ఫోన్‌ కలిపి మీటింగులో చేరగానే అంతదాకా స్పష్టంగా ఉన్న శబ్దం ఒక్కసారిగా పాత రేడియోలా మారడం చాలామంది గమనించే ఉంటారు. హెడ్‌ఫోన్‌ పాడైపోలేదు. పాటలు వినిపించేటప్పుడు బ్లూటూత్‌ తనకున్న జాగానంతా వాటికే ఇస్తుంది. మైకు కూడా తెరవగానే రెండువైపులా మాటలు పంపే వేరే పద్ధతికి మారుతుంది. అందులో నాణ్యత బాగా తగ్గి, హల్లులు మొద్దుబారిపోతాయి. అర్థంకాక మనం వాల్యూమ్‌ పెంచుతాం. రోజుకు నాలుగైదు గంటల మీటింగులుండే ఉద్యోగులకు ఇది చిన్న విషయం కాదు. విరుగుడు సులువే. మీటింగు యాప్‌ సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా హెడ్‌ఫోన్‌నే ఉంచి, మైకుగా ల్యాప్‌టాప్‌ మైకును ఎంచుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో స్పష్టత వెంటనే తిరిగి వస్తుంది, వాల్యూమ్‌ రెండు మెట్లు దించుకోవచ్చు.

కళ్లజోడు, దుద్దులు, తలనూనె

షాపులో రెండు నిమిషాలు పెట్టుకుంటే అన్నీ హాయిగానే ఉంటాయి. గంట గడిస్తే తెలుస్తుంది. పైన చెప్పిన సోనీ బరువు 147 గ్రాములు, జేబీఎల్‌ 520బీటీ 157 గ్రాములు. నడినెత్తికి ఈ బరువు లెక్కలోది కాదు. బాధంతా పక్కల నుంచి నొక్కే బిగువుతో. ఆన్‌-ఇయర్‌ జారిపోకుండా ఉండాలంటే చెవిని కాస్త గట్టిగానే నొక్కాలి. చెవి డొప్పలోని మృదులాస్థి మీద చర్మం పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ త్వరగా సలుపు మొదలవుతుంది.

కళ్లజోడు వాడేవారికి ఇది రెండింతలు. జోడు కాడ మెత్తకూ తలకూ మధ్య ఇరుక్కుని చెవి వెనక ఒత్తుతుంది. కాడ ఉన్నచోట మెత్త సరిగ్గా అతుక్కోక బేస్‌ తగ్గుతుంది, మళ్లీ వాల్యూమ్‌ పెంచుతాం. అందుకే జోడు పెట్టుకునే పరీక్షించాలి. దుద్దులు పెట్టుకునేవారికి వాటి వెనక మర చెవి వెనక చర్మంలోకి గుచ్చుకుంటుంది. బుట్టలు, మాటీలు ఉన్నప్పుడు చెప్పనే అక్కర్లేదు. చెవులు కొత్తగా కుట్టించిన పాపకు పుండు పూర్తిగా మానేదాకా ఈ రకం వద్దు.

తలకు బయటి నుంచి ఒత్తిడి తగలడం వల్ల వచ్చే నొప్పికి అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో వేరుగా చోటే ఉంది. హెల్మెట్‌, ఈత కళ్లజోడు లాంటివి పెట్టుకున్న గంటలోపు మొదలై, తీసేసిన గంటలోపు తగ్గిపోవడం దాని గుర్తు. హెడ్‌ఫోన్‌ పెట్టుకున్న రోజుల్లోనే తలనొప్పి వస్తోందా, తీయగానే పోతోందా గమనించండి. అలాగైతే మాత్రలు మింగడం కన్నా బిగువు చూసుకోవడం మేలు. కొత్త హెడ్‌ఫోన్‌ను రాత్రంతా తల వెడల్పు ఉన్న పుస్తకాల దొంతరకు తొడిగి ఉంచితే కాస్త సడలుతుంది. చేతులతో లాగి విరిచినంత పని చేయకండి.

ఇక మన వాతావరణం, మన తలనూనె. ఈ ధరలో మెత్తలకు వాడేది ఎక్కువగా కృత్రిమ తోలు. చెమట, కొబ్బరినూనె, తేమ కలిస్తే అది పొరలు పొరలుగా ఊడి నల్లటి తునకలు చెవికీ జుట్టుకూ అంటుకుంటాయి. మెత్తలు విడిగా దొరుకుతాయా, ఊడదీసి మార్చే వీలుందా అని కొనేముందే అడగండి. బ్లూటూత్‌ వెర్షన్‌ గురించి అడగడం కన్నా ఈ ప్రశ్న ఎక్కువ కాలం పనికొస్తుంది. వాడాక పొడి బట్టతో తుడవాలి, వారానికోసారి కొద్దిగా తడిపి గట్టిగా పిండిన బట్టతో. తలంటుకున్న వెంటనే తడి జుట్టు మీద పెట్టుకోకూడదు. ఇంట్లో ఒకరికి చెవి దగ్గర గజ్జో, చీము పొక్కులో ఉంటే అవి తగ్గేదాకా ఆ హెడ్‌ఫోన్‌ వాళ్లకే వదిలేయాలి.

పిల్లల పెట్టె మీది 85

పిల్లల కోసమని అమ్మే వాటి మీద ‘85 డెసిబెల్స్‌కు పరిమితం, సురక్షితం’ అని కనిపిస్తుంది. 85 అన్న అంకె ఫ్యాక్టరీల్లో రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే పెద్దల కోసం పుట్టిన లెక్కలోది. పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 75. పది డెసిబెల్స్‌ తేడా అంటే శక్తిలో పది రెట్లు. పరిమితి లేనిదాని కన్నా ఉన్నది మేలే, కానీ పూర్తి వాల్యూమ్‌లో వదిలేయొచ్చని దానర్థం కాదు. చిన్న పిల్లల తలకు పెద్దల హెడ్‌ఫోన్‌ వదులై మెత్త చెవి మీద నుంచి జారుతుంది. జారితే శబ్దం తగ్గినట్టనిపించి వాళ్లూ పెంచుతారు. తలుపు వేసుకునే గది ఉంటే ఆన్‌లైన్‌ క్లాసు స్పీకర్‌లో వినడమే మంచిది.

రేడియేషన్‌ భయం చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది. బ్లూటూత్‌ వాడేది 2.4 గిగాహెర్ట్జ్‌ రేడియో తరంగాలు. ఎక్స్‌-రేల మాదిరిగా కణాల్లోని అణువులను చీల్చే శక్తి వీటికి లేదు. 4జీ ఫోన్‌ టవర్‌తో మాట్లాడటానికి 200 మిల్లీవాట్ల దాకా వాడుకుంటుంటే, హెడ్‌ఫోన్‌ బ్లూటూత్‌కు మామూలుగా కొన్ని మిల్లీవాట్లు చాలు. రేడియో తరంగాలన్నిటినీ కలిపి 2011లో అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ ‘క్యాన్సర్‌ కారకం కావడానికి అవకాశం ఉండొచ్చు’ అన్న 2బి జాబితాలో పెట్టిన మాట నిజమే. అందుకని ఫోన్‌ను చెవికి ఆనించుకోవడం కన్నా బ్లూటూత్‌ ఎక్కువ ప్రమాదం అనుకోనక్కర్లేదు. ఈ జాగ్రత్తంతా వాల్యూమ్‌ మీద పెడితే ఎక్కువ ఫలితం.

నాన్నకు హెడ్‌ఫోన్‌ కొనేముందు

‘టీవీ హోరెత్తిస్తున్నారు, నాన్నకో హెడ్‌ఫోన్‌ కొనిద్దాం’ అనుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. గొడవ తీరుతుంది. దాంతోపాటు ఒక గుర్తు కూడా మాయమవుతుంది. టీవీ సౌండు పెంచుతూ పోవడం అరవై దాటినవారిలో వినికిడి తగ్గిందనడానికి ఇంట్లోవాళ్లకు కనిపించే మొదటి సూచన. హెడ్‌ఫోన్‌ పెట్టాక ఆయన ఎంత పెంచుతున్నారో ఎవరికీ తెలియదు. ముందు ఒకసారి ఆడియోమెట్రీ చేయించండి. గాజు గదిలో కూర్చోబెట్టి సన్నటి శబ్దాలు వినిపిస్తే బటన్‌ నొక్కమంటారు. అరగంటలో అయిపోతుంది. వినికిడి యంత్రం అవసరమని తేలితే దాన్ని హెడ్‌ఫోన్‌తో నెట్టుకురాలేం. ఇప్పటికే చెవి వెనక యంత్రం పెట్టుకునేవారికి ఆన్‌-ఇయర్‌ మెత్త దానికి తగిలి కీచుమని కూయొచ్చు. వాళ్లు చెవి మొత్తం కప్పే రకాన్ని యంత్రంతో సహా పెట్టి చూసుకుని కొనాలి.

రోజూ ఎక్కువసేపు వాడే చిన్నవాళ్లు కూడా ఒకసారి ఆడియోగ్రామ్‌ తీయించి దాచుకోవడం మంచిది. 12 నుంచి 35 ఏళ్ల మధ్యవారిలో వంద కోట్ల మందికి పైగా వినికిడి ముప్పులో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ముందు తీయించినది చేతిలో ఉంటే తర్వాత తేడా వచ్చిందో లేదో వైద్యులు పోల్చి చెప్పగలుగుతారు. చెవుల్లో రాత్రిళ్లు ‘కుయ్‌’మనే హోరు ఒకటి రెండు రోజులు దాటినా తగ్గకపోతే, ఫోన్‌ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకోవాల్సి వస్తోంటే, మాటను పదేపదే మళ్లీ చెప్పించుకుంటోంటే వాడకం ఆపి ఈఎన్‌టీ వైద్యులను కలవాలి.

2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్‌ తనకు వినికిడి లోపం వచ్చిందని స్వయంగా వెల్లడించినప్పుడు చాలామంది దాన్ని హెడ్‌ఫోన్‌ ఖాతాలో వేశారు. వైరస్‌ దాడి వల్ల వచ్చిందని వైద్యులు తేల్చినట్టు ఆమె రాశారు. పెద్ద శబ్దాల విషయంలో, హెడ్‌ఫోన్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని అభిమానులకు విడిగా చెప్పారు. ఈ రెండూ వేర్వేరు సంగతులు, వేర్వేరుగానే చూడాలి. హెడ్‌ఫోన్‌ చేసే నష్టం ఏళ్ల తరబడి మెల్లగా పోగవుతుంది. ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి వినిపించకుండా పోతే అది గులిమి అనో, హెడ్‌ఫోన్‌ వల్లనో అనుకుని చుక్కల మందు వేసుకుంటూ కూర్చోకండి. అది అత్యవసరం. ఆ రోజే ఈఎన్‌టీ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. స్టెరాయిడ్‌ చికిత్స మొదటి రెండు వారాల్లోనే, అందులోనూ మొదటి రోజుల్లోనే ఎక్కువగా పనిచేస్తుంది.